ఆకుపచ్చ ముఖం, గులాబీ గౌను: ఓజ్ మంత్రగత్తెలిద్దరినీ స్టేజీ ఎక్కించడం ఎలా

1939లో ఎం.జి.ఎం. సంస్థ తీసిన 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్'లో ఇద్దరు మంత్రగత్తెల్లో ఎవరు మంచివారో, ఎవరు చెడ్డవారో ఎవరూ చెప్పనక్కర్లేదు. పడమటి దుష్ట మంత్రగత్తెలో ఎటు చూసినా కోణాలే. మొనదేలిన టోపీ, వంకర ముక్కు, ముందుకు సాగిన గడ్డం, చీపురు. ఉత్తరాది మంచి మంత్రగత్తె గ్లిండాలో అంతా గుండ్రమే. బుడగలో వస్తుంది, ఉబ్బిన గులాబీ గౌనులో నిలబడుతుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది.

స్కూలు వార్షికోత్సవానికో, విదేశాల్లో తెలుగు సంఘాల పిల్లల కార్యక్రమానికో ఈ కథ వేసేవాళ్లు సమయం, డబ్బు అంతా ఆకుపచ్చ మంత్రగత్తె మీదే పెట్టేస్తారు. గ్లిండాకు మాత్రం ఎవరింట్లోనో ఉన్న పుట్టినరోజు గౌను తెచ్చి తొడుగుతారు. నాటకం తేలిపోయేది అక్కడే. ఈ ఇద్దరినీ విడివిడిగా తయారుచేయకూడదు. ఒకరికి ఏ రంగు వేసినా, ఏ గుడ్డ కొన్నా, రెండోవారిని పక్కన నిలబెట్టి, స్టేజీ లైట్ల కింద చూసి ఖాయం చేసుకోవాలి.

పాత్రల ఎంపికలో వయసును పట్టించుకోకండి. చిత్రీకరణ నాటికి గ్లిండా వేసిన బిల్లీ బర్క్‌కు 54 ఏళ్లు, దుష్ట మంత్రగత్తె వేసిన మార్గరెట్ హామిల్టన్‌కు 36 నిండీ నిండని వయసు. ఒంటిని కోణాలుగా విరవగలిగిన పిల్లకు చీపురు ఇవ్వండి. తల కదలకుండా నడవగలిగిన పిల్లకు మంత్రదండం ఇవ్వండి. రెండోది దొరకడమే కష్టం.

ముందు లైట్లు

మేకప్ కొనకముందే హాలుకు వెళ్లి అక్కడ ఏ లైట్లున్నాయో చూడండి. ఇప్పుడు చాలాచోట్ల ఎల్‌ఈడీ పార్‌లే (డబ్బాల్లాంటి స్టేజీ లైట్లు). అందరూ చేసే మొదటి పొరపాటు, ఆకుపచ్చ మంత్రగత్తె రాగానే ఆకుపచ్చ లైటు వేయడం. ఆ వెలుగులో తెర, నేల, పక్కన నిలబడ్డ కథానాయిక డొరోతీ, అందరూ ఆకుపచ్చే. గంటన్నర కూర్చుని వేసిన ముఖం అందులో కలిసిపోతుంది. రెండో పొరపాటు భయం పుట్టించడానికి ఎదురుగా ఎర్ర లైటు వేయడం. ఆకుపచ్చ రంగు ఎర్రటి వెలుగును పీల్చేసుకుంటుంది, తిరిగి పంపదు. ముఖం నల్లటి మచ్చలా కనిపిస్తుంది, కళ్లూ ముక్కూ ఏవీ తెలియవు. ఆంబర్ (పసుపు కలిసిన నారింజ) లైటు వేస్తే పాచిపట్టినట్టు మురికి రంగు వస్తుంది.

ఎదురుగా ఎప్పుడూ తెల్లని వెలుగే ఉండాలి. ఎల్‌ఈడీలో తెలుపుకు ప్రత్యేకమైన దీపం ఉంటే దాన్నే వాడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి తెచ్చిన తెలుపులో చర్మం రంగులు సరిగా రావు. రంగుల లైట్లు వెనక నుంచి, పక్కల నుంచి మాత్రమే రావాలి. దుష్ట మంత్రగత్తెకు పక్క నుంచి చల్లని నీలం, పొగ లేచినప్పుడు వెనక నుంచి ఎరుపు. గ్లిండాకు వెనక నుంచి లేత గులాబీ. ఇద్దరూ ఒకేసారి స్టేజీ మీదున్న సన్నివేశంలో ఎదుటి తెలుపును కదిలించకండి. ఎందుకంటే గ్లిండా గౌనుకు మెరుపు తెచ్చే గులాబీ లైటు ఆకుపచ్చ ముఖాన్ని బూడిద చేస్తుంది.

నల్ల గౌనుకు వెనక నల్ల తెర ఉంటే మంత్రగత్తె ముఖం, చేతులు మాత్రమే గాల్లో తేలుతున్నట్టుంటుంది. తెర మార్చలేకపోతే వెనక నుంచి భుజాల మీద పడేలా ఒక లైటు తప్పనిసరిగా పెట్టండి.

ఆకుపచ్చ ముఖం

నీళ్లతో తడిపి వాడే ఫేస్ పెయింట్ కొనండి. 30 గ్రాముల డబ్బా ఒకటి రిహార్సల్‌కూ ప్రదర్శనకూ సరిపోతుంది. హోలీ రంగులు, పోస్టర్ కలర్లు, ఇళ్లకు వేసే పెయింట్లు ముఖం దగ్గరికి కూడా రానివ్వకండి. సినిమాలో హామిల్టన్‌కు వేసిన ఆకుపచ్చ రంగులో రాగి ఉండేది. నోట్లోకి పోతే ప్రమాదమని ఆమె మేకప్ ఉన్నంతసేపూ స్ట్రాతో ద్రవాహారమే తీసుకునేది. చిత్రీకరణ ముగిసిన తర్వాత కూడా కొన్ని వారాలపాటు ఆమె చర్మానికి ఆ ఛాయ వదల్లేదు.

ప్రదర్శనకు ముందురోజే మోచేతి లోపలి వైపు కొంచెం రాసి 24 గంటలు చూడండి. ఎర్రబడినా, దురద పెట్టినా ఆ రంగు వద్దు.

మన చామనఛాయ, నలుపు చర్మాల మీద లేత ఆకుపచ్చ నేరుగా వేస్తే బూడిద పూసినట్టు తేలుతుంది. అందుకని మొదట పసుపు పాలు ఎక్కువున్న ఆకుపచ్చను పలచగా వేసి, దాని మీద అసలు ఆకుపచ్చ వేయాలి. వరస ఇలా ఉంటుంది. ముఖం కడిగి, తుడిచి, పలచని మాయిశ్చరైజర్ రాసి పది నిమిషాలు ఆగండి. కనుబొమలకు, జుట్టు మొదళ్లకు వ్యాజలీన్ పట్టించండి, లేకపోతే ఆ రంగు రెండు రోజులు వదలదు. స్పాంజిని తడిపి గట్టిగా పిండేయండి. చుక్క నీరు కూడా కారకూడదు. రుద్దకుండా అద్దండి. మొదటి పూత ఆరడానికి నాలుగైదు నిమిషాలు వదిలి రెండోది వేయండి. ఒకేసారి మందంగా వేస్తే నవ్వగానే పెదవుల పక్కన పగుళ్లు వస్తాయి. ఎక్కువమంది మరిచిపోయే చోట్లు కనురెప్పలు, ముక్కుపుటాల అంచులు, చెవుల వెనక, మెడ వెనక.

ఒకే ఆకుపచ్చతో ఆపేస్తే ముఖం బల్లపరుపుగా ఉంటుంది. దవడ ఎముకల కింద, కణతల దగ్గర ముదురు ఆకుపచ్చ, నుదుటి గీతల్లో ఆకుపచ్చలో కలిపిన నలుపు, ముక్కు దూలం మీద, గడ్డం కొస మీద పసుపు వేయండి. కింది కనురెప్పకు కాస్త దిగువన సన్నటి మెరూన్ గీత గీస్తే చూపుకు క్రూరత్వం వస్తుంది. ఆ చిన్న గీత చేసే మేలు వెయ్యి ముడతలు చేయవు. చివర రంగులేని పౌడరు పఫ్‌తో నొక్కి, సెట్టింగ్ స్ప్రే కొట్టండి. చెమట పడితే తుడవకుండా టిష్యూ పేపరుతో అద్దాలి.

చేతులకు రంగు వేయకండి. డొరోతీ బట్టలకు, తెరలకు, మైకుకు అంటుకుంటుంది. తెల్లని పలచటి చేతితొడుగులకు ఆకుపచ్చ డై వేయించి, వేళ్ల చివర ప్లాస్టిక్ గోళ్లు అతికించండి. మూడో వరస నుంచి చూసేవారికి తేడా తెలియదు.

ముక్కు, గడ్డం

పదేళ్లలోపు పిల్లలకు అతికించే ముక్కు వద్దు. ముక్కుకు రెండు పక్కలా పైనుంచి కిందికి ముదురు గీతలు, మధ్యలో లేత గీత, కొసన కొక్కెంలా వంచిన చిన్న నీడ గీస్తే చాలు. పెద్ద పిల్లలకైతే లిక్విడ్ లేటెక్స్‌తో (ఆరితే రబ్బరయ్యే ద్రవం) చేయవచ్చు. లేటెక్స్ పడనివాళ్లుంటారు కాబట్టి దీనికీ చర్మ పరీక్ష తప్పదు. మట్టితో ముక్కు అచ్చు చేసి, దాని మీద ఐదారు పూతలు పూయండి, ప్రతి పూతా పూర్తిగా ఆరాలి. అంచుల దగ్గర పూతలు తగ్గించి పలచగా ఉంచండి, అప్పుడే అతుకు కనిపించదు. ఊడదీసే ముందు పౌడరు చల్లకపోతే లేటెక్స్ తనకు తానే అంటుకుని పాడవుతుంది. అతికించడానికి స్పిరిట్ గమ్ (మేకప్‌కు వాడే జిగురు) రాసి, వేలితో తట్టి, జిగట వచ్చాక నొక్కండి.

నీళ్ల పెయింట్ లేటెక్స్ మీద నిలవదు, ముత్యాలుగా విడిపోతుంది. రబ్బరు మీద వేయడానికి ఆముదం ఆధారంగా తయారయ్యే మేకప్ దొరుకుతుంది, ముక్కుకు అదే వాడండి. ముఖం రంగుకు సరిపోయేలా ముందే కలిపి చూసుకోవాలి, లేదంటే ముక్కు ఒక ఆకుపచ్చ, బుగ్గలు ఇంకో ఆకుపచ్చ అవుతాయి.

టోపీ

తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లు అనుకుందాం. వదులుకు 2 కలిపితే 58. దాన్ని 6.28తో భాగిస్తే 9.2. అంచు మధ్యలో కత్తిరించాల్సిన వృత్తం వ్యాసార్ధం అదే. అంచు వెడల్పు పక్కల్లో, వెనక 13, ముందు మాత్రం 9 ఉంచండి. ముందు కూడా 13 పెడితే పై లైట్ల నీడ పడి ముక్కు దాకా ముఖం చీకటైపోతుంది. శంకువుకు వాలు పొడవు 42 కావాలి. కాగితం మీద 44 వ్యాసార్ధంతో చాపం గీసి 79 డిగ్రీల ముక్క తీసుకోండి, ఒక పక్క అతుకుకు 2 సెంటీమీటర్లు వదలండి. కింద మిగిలే 2 సెంటీమీటర్ల అంచును వేలెడు వేలెడు దూరంలో కత్తిరించి బయటికి మడిస్తే అంచుకు అతికించే రెక్కలవుతాయి.

చార్టు పేపరుతో చేసిన టోపీ ఒక్క రిహార్సల్‌కే నలిగిపోతుంది. టైలర్లు కాలరుకు వాడే గట్టి బక్రం రెండు పొరలు పెట్టి నల్లగుడ్డ కప్పండి, అంచు చుట్టూ సన్నటి ఇనుపతీగ కుట్టండి. గడ్డం కింద నల్ల ఎలాస్టిక్ ఉండాలి. వెనక మీటరున్నర నల్ల షిఫాన్ వేలాడదీస్తే, ఆమె గిర్రున తిరిగినప్పుడు అది ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతుంది. ఆ కదలికే సగం నటన చేసిపెడుతుంది.

గ్లిండా

దుష్టురాలికి అరుపులు, నవ్వులు, పొగ ఉన్నాయి. గ్లిండాకు ఉన్నదల్లా నెమ్మది. ఆ నెమ్మదిలో బలం కనిపించకపోతే ఆమె అలంకారపు బొమ్మగా మిగిలిపోతుంది, చిన్నపిల్లకు ధైర్యం చెప్పే మనిషిగా నిలబడదు. కాబట్టి ఆమె నడక మీద వారం రోజులైనా పనిచేయండి. మోకాళ్లు కాస్త వంచి, పాదం నేలకు దగ్గరగా చిన్న చిన్న అడుగులు వేయాలి. గౌను నేలకు ఒక సెంటీమీటరు పైన ఉంటే పాదాలు కనబడవు, తేలుతున్నట్టుంటుంది. దుష్టురాలు దూకినప్పుడు గ్లిండా వెనక్కి జరగకూడదు, రెప్ప కూడా వేగంగా వాల్చకూడదు.

గౌను ఉబ్బడానికి లోపల క్యాన్‌క్యాన్ కావాలి. నడుము నుంచి 85 సెంటీమీటర్ల పొడవుకు మూడు వరసలు వేయండి. 30 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు పై వరసకు 1 మీటరు, మధ్యకు 2, కిందికి 4 మీటర్లు, మొత్తం 7. మీటరున్నర పన్నా ఉన్న నెట్ గుడ్డలో ఇవి 1.5 మీటర్లలో వస్తాయి. రెండు పొరలకు 3 మీటర్లు. లోపలిది గట్టి నెట్, పైది మెత్తటిది. గట్టి నెట్ కాళ్లకు గీసుకుంటుంది కాబట్టి లోపల కాటన్ లంగా వేయాలి. గులాబీ మరీ లేతగా తీసుకుంటే స్టేజీ మీద తెల్లగా వెలిసిపోతుంది. షాపులో కాస్త ముదురనిపించిన రంగే లైట్ల కింద సరిగ్గా కుదురుతుంది.

కిరీటం 25 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటుతో చేస్తే తేలిక. దాన్ని జుట్టుకు పిన్నులతో గుచ్చితే జారుతుంది. ముందు నడినెత్తిన ముడి వేసి, కిరీటం లోపల రెండు దువ్వెన క్లిప్పులు కుట్టి ముడికి పట్టించండి. మంత్రదండం 65 సెంటీమీటర్లు, కొసన 12 సెంటీమీటర్ల నక్షత్రం. మొనలకు మెత్తటి గుడ్డ చుట్టండి.

బుడగ

సినిమాలో గ్లిండా బుడగ నిజానికి ఒక వెండిరంగు బంతి. కెమెరా దాని దగ్గరికి జరుగుతూ తీసిన దృశ్యాన్ని సెట్ దృశ్యం మీద కలిపారు. స్టేజీ మీద ఫాలో స్పాట్ లైటుతో (నటుల వెంట తిప్పే లైటు) అదే భావన తేవచ్చు. గులాబీ జెల్ (లైటు ముందు పెట్టే రంగు పొర) పెట్టి, వెలుగు వృత్తాన్ని చిన్నదీ పెద్దదీ చేసే ఐరిస్‌ను పూర్తిగా మూసి, వెనక తెర మీద ఒక మూల చిన్న చుక్కతో మొదలుపెట్టండి. ఎనిమిది సెకన్లలో అది తేలుతూ మధ్యకు వచ్చి పెద్దదవుతుంది. మధ్యలో సన్నటి తెల్లని నెట్ తెర, దాని వెనక గ్లిండా. ముందు నుంచి వెలుగు పడ్డంతసేపు నెట్ వెనక ఏమీ కనబడదు. ముందు లైటు తగ్గిస్తూ వెనక లైటు పెంచితే ఆమె గాలిలోంచి రూపుకట్టినట్టు బయటపడుతుంది. నెట్ వెనక చీకటి సరిగా లేకపోతే గుట్టు ముందే బయటపడిపోతుంది.

సబ్బు బుడగల మిషన్ జోలికి పోకండి. రెండు నిమిషాల్లో నేల జారుడు బండ అవుతుంది. తర్వాత వచ్చేది గౌను అంచు తొక్కుకుంటూ నడిచే గ్లిండాయే.

నిప్పు, పొగ, ఎగరడం

నిప్పు వద్దు. 1938 డిసెంబర్ 23న మంచ్‌కిన్‌ల్యాండ్ (కథలో పొట్టివాళ్ల ఊరు) సెట్‌లో హామిల్టన్ పొగలో మాయమయ్యే దృశ్యాన్ని మళ్లీ తీస్తుండగా, ఆమె నేల కిందికి పూర్తిగా దిగకముందే మంట వెలిగించారు. చీపురు, టోపీ అంటుకుని ముఖం, చెయ్యి తీవ్రంగా కాలాయి. ముఖం మీది రంగు విషపూరితం కావడంతో కాలిన చర్మం మీది నుంచే దాన్ని ఆల్కహాల్‌తో తుడవాల్సి వచ్చింది. ఆమె ఆరు వారాలు పనికి దూరమైంది. తర్వాత పొగ కక్కే చీపురు దృశ్యంలో ఆమె డూప్ బెటీ డాంకో కూడా గాయపడింది. మీ స్టేజీ మీద ఏ ఎఫెక్టయినా, నటి సురక్షిత స్థానానికి చేరాక, అక్కడున్న మనిషి సైగ చేశాకే మొదలవ్వాలి. పాట బీటును బట్టి నొక్కడం పద్ధతి కాదు.

తీగల మీద ఎగిరించడమూ అంతే. సురభి వారి నాటకాల్లో పాత్రలు గాల్లో తేలుతాయంటే దాని వెనక తరతరాల సాధన ఉంది. స్కూలు స్టేజీ కప్పుకు కొక్కెం వేసి చేసే పని కాదు. చీపురు పట్టుకుని స్టేజీ అడ్డంగా పరుగెత్తి, పక్కతెరలోకి దూకితే చాలు. అరుపు మాత్రం దూకాక రెండు సెకన్లు వినబడాలి.

కరిగిపోవడం

డొరోతీ బకెట్ నీళ్లు విసరగానే దుష్ట మంత్రగత్తె కరిగిపోతుంది. అందరూ ఎదురుచూసేది ఇదే. సినిమాలో హామిల్టన్ చిన్న లిఫ్ట్ పలక మీద నిలబడింది. గౌను అంచును నేలకు బిగించి, దుస్తుల్లో డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) పెట్టి ఆవిరి పుట్టించి, పలకను దించారు. మనకు లిఫ్ట్ లేకపోయినా వెనక నల్ల తెరకు మధ్యలో చీలిక ఉంటే సరిపోతుంది.

గౌను మీద వేసుకునేలా వెనక పూర్తిగా తెరిచి ఉన్న నల్లని అంగీ కుట్టండి. కింది ఘేరా 5 మీటర్లు, కాలరులో తీగ. దానిని తొడుక్కుని నటి చీలికకు సరిగ్గా ముందు నిలబడాలి. ఈ సన్నివేశానికి రెండో టోపీ కావాలి. ఎలాస్టిక్ ఉండదు, లోపల 60 సెంటీమీటర్ల కర్ర బిగించి ఉంటుంది. కర్ర కాలరు వెనకగా అంగీలోకి దిగుతుంది, నటి దాన్ని నడుము దగ్గర పట్టుకుంటుంది. బకెట్ పడగానే చేతులు ఒక్కసారి పైకి లేపకూడదు. ఒక చెయ్యే లేపాలి, రెండోది కర్ర మీదే ఉండాలి. పన్నెండు లెక్కపెట్టేలోగా మోకాళ్లు వంచుతూ దిగాలి. మోకాళ్లు నేలకు ఆనాక తల కాలరులోకి దించాలి, టోపీ మాత్రం ఇంకా పైనే నిలిచి నెమ్మదిగా తర్వాత దిగాలి. చూసేవాళ్ల కళ్లు టోపీ మీదే ఉంటాయి. ఆ సమయంలోనే ఆమె వెనక్కి జరిగి చీలికలోంచి బయటపడుతుంది. చివరికి నేల మీద గుడ్డ, దాని మీద టోపీ.

చెడేది ఎక్కువగా మూడు చోట్ల. మోకాలు గౌను కొసను తొక్కి ఆగిపోవడం. దీనికి లోపలి గౌను మోకాళ్ల వరకే ఉంచి కింద నల్ల లెగ్గింగ్స్ వేయాలి. గొంతు ముందే ఆగిపోవడం. అరుపు కాలరులోకి దిగాక కూడా సన్నగిల్లుతూ సాగాలి. మూడోది బకెట్ నీళ్లు. మైకు తీగలున్న నేల మీద నీళ్లు పోయకూడదు. వెండి, నీలం రంగు సన్నని కాగితపు పోగులు నింపి విసిరి, అదే క్షణంలో పక్క లైట్లు నీలానికి మార్చండి.

డ్రై ఐస్ ఇక్కడ అసలే వద్దు. మైనస్ 78 డిగ్రీల చలి ఒక కారణం. అంతకన్నా పెద్దది, దాని నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువై నేలనంటి నిలుస్తుంది. మన నటి తల పెట్టేది సరిగ్గా అక్కడే. నీళ్ల ఆధారిత ద్రవంతో నడిచే ఫాగ్ మిషన్‌ను రెండు సెకన్లు నొక్కితే చాలు. ముందే హాలు వారిని అడిగి పొగ అలారం సంగతి తేల్చుకోండి, ఉబ్బసం ఉన్న పిల్లలెవరో కనుక్కోండి.

చిన్నపిల్లలు భయపడితే

సినిమాలోనే దుష్ట మంత్రగత్తె దృశ్యాలు కొన్ని మరీ భయపెడుతున్నాయని కత్తిరించారు. నటి కాకముందు కిండర్‌గార్టెన్ టీచరుగా పనిచేసిన హామిల్టన్, 1975లో 'మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్' అనే పిల్లల టీవీ కార్యక్రమానికి వచ్చి, ఆ దుస్తులు ఒక్కొక్కటిగా తొడుక్కుంటూ ఇది వేషమేనని చూపించింది. మీరూ అదే చేయండి. ప్రదర్శనకు ముందురోజు ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల ముందు ఆ అమ్మాయి మామూలు బట్టల్లో నిలబడి, గౌను, తొడుగులు, టోపీ వేసుకుని, ఒకసారి నవ్వి, మళ్లీ తీసేయాలి. ఆ నవ్వు గొంతుతో కాక పొట్టతో రావాలి, లేకపోతే రెండో రిహార్సల్‌కే గొంతు పోతుంది.

టిక్కెట్టు పెట్టి వేసేవారికి ఒక మాట. ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన మూలకథను ఎవరైనా వాడుకోవచ్చు, సినిమా సంభాషణలు, పాటలు అలా కాదు. డొరోతీ ఎర్ర బూట్లు కూడా సినిమా చేర్చినవే. టెక్నికలర్‌లో (అప్పటి రంగుల సినిమా పద్ధతి) బాగా కనబడాలని పుస్తకంలోని వెండి బూట్లను ఎరుపుగా మార్చారు. మీరు వెండి బూట్లే వేయండి.

రంగు తీయడం

ప్రదర్శన అవగానే ముందు ముక్కు. దాని అంచు వెంట స్పిరిట్ గమ్ రిమూవర్ ముంచిన దూది నడిపిస్తూ మెల్లగా లేపాలి. లాగితే చర్మం లేస్తుంది. తర్వాత ముఖమంతా కొబ్బరినూనె రాసి రెండు నిమిషాలు ఆగి, పాత మెత్తటి గుడ్డతో తుడవండి. ఇది రెండుసార్లు చేశాక గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బు. కనురెప్పల దగ్గర కళ్లు మూసి దూదితోనే తీయాలి. చెవుల వెనక, జుట్టు మొదళ్లలో మిగిలిన ఆకుపచ్చను ఆ రాత్రే రుద్ది తీయాలని చూడకండి, రాత్రి కొంచెం నూనె రాసి వదిలేస్తే పొద్దున తలస్నానంలో పోతుంది. మరో ప్రదర్శన ఉంటే ఆ స్పాంజిలు మళ్లీ వాడొద్దు, కొత్తవి కొనండి.